తూటాకు పడిన సొట్ట

ఓబులేసుకు ముద్ద దిగడం లేదు.

పిల్లోడు పోలీసు. మా అంగన్వాడీ గోడకు అవతల పక్క ఖజానా ఆఫీసు. దానికి తుపాకులు పట్టుకుని కాపలా కాసే గార్డులో అందరికన్నా చిన్నోడు. నేను ఈ పక్క ఆయాను, పేరు సుంకమ్మ. గోడ నడుమ ఒక చిన్న ఇనుప గేటు ఉంది. నీళ్ళకని, ఇంత పులుసుకని గార్డోళ్ళు ఆ గేట్లోంచి వస్తానే ఉంటారు. నా నోరు పెద్దదని ఊరంతా అంటారు. అననీ. ఆ నోటితోనే గదా ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని అడిగేది.

"ఏమబ్బా, ముద్ద చేతిలో పట్టుకుని జపం చేస్తాండావా?" అన్నాను.

"ఆకలి లేదక్కా."

"ఆకలి లేని పోలీసును ఈ జన్మలో చూళ్ళేదు. ఏమైందో చెప్పు."

వాడు కంచం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, రైఫిల్ మ్యాగజైన్లోంచి పైన ఉన్న తూటా తీసి చూపించినాడు. తూటా అడుగున నడిమధ్య కందిబేడంత గుండ్రటి రేకు బిళ్ళ ఉంది. దాన్ని ప్రైమర్ అంటారంట, వీళ్ళు క్యాప్ అంటారు. నిప్పంతా దాంట్లోనే ఉంటుందని చెప్పినాడు. తుపాకిలో ఒక సన్నటి పిన్ను ఉంటుంది. అది వచ్చి క్యాప్‌ను గట్టిగా కొడితే లోపల మందు అంటుకుంటుంది, గుండు పోతుంది.

"బాగా చూడక్కా" అన్నాడు.

చూసినాను. ఆ బిళ్ళ మీద సొట్ట పడి ఉంది. గోటితో నొక్కినట్టు చిన్న సొట్ట, దాని మీదనే ఇంకొకటి, పక్కన ఇంకొకటి.

"ఎవరు కొట్టినారు దీన్ని?"

"ఎవురూ కొట్టలేదక్కా. అదే నా భయం."

వీళ్ళకు పాత తుపాకులు తీసేసి కొత్తవి ఇచ్చినారు. ఒక గుండు పేలితే దానంతటదే ఇంకో గుండు ఎక్కించుకునే రకం. గుండును లోపలికి తోసే ఇనుప దిమ్మెను బోల్టు అంటారు. పిన్ను ఆ బోల్టు లోపల ఉంటుంది. ఈ రకం రైఫిల్లో పిన్నును వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగు లేదు, వదులుగా ఆడుతుంటుంది.

"బస్సు బ్రేకేస్తే నిలబడినోళ్ళు ముందుకు తూలరా, అట్లక్కా. బోల్టు పోయి ఠక్కున ఆగుతాది. పిన్ను ఆగదు. తూలిపోయి క్యాప్‌ను ముట్టుకుంటాది."

"ముట్టుకుంటే పేలదా?"

"ఆ మాత్రానికి పేలదు. క్యాప్ గట్టిగానే చేసింటారు. కానీ మేము చేసే పని చూడు."

వాళ్ళ గార్డులో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ మారేటప్పుడు తుపాకి బాగుందని చూపించి అప్పజెప్పాల. దిగేవాడి ముందర ఎక్కేవాడు బోల్టు లాగి వదులుతాడు, తూటా లోపలికి పోతుంది. మళ్ళా లాగుతాడు, తూటా బయటపడుతుంది. ఆ పడిన తూటానే తుడిచి మళ్ళా మ్యాగజైన్లో పైన పెడతారు. డ్యూటీ మారినప్పుడల్లా అదే తూటా, నెలల తరబడి. పిన్ను ప్రతిసారీ వచ్చి దాన్ని ఒక పొడుపు పొడిచి పోతాంది.

"ఇంకోటుంది అక్కా. పిన్ను దారిలో జిడ్డూ దుమ్మూ చేరితే, అది ముందుకొచ్చినది వచ్చినట్టే బిగుసుకుంటాది. అప్పుడు బోల్టు వదిలితే ముట్టుకోవడం కాదు, పోటే. ట్రిగ్గర్ మీద వేలు లేకపోయినా పేలుతాది."

మా ఊర్లో దుమ్ముకేం తక్కువ? చుట్టూ నాపరాళ్ళు కోసే మిల్లులు. ఆరేసిన గుడ్డ మీద సాయంత్రానికి తెల్లగా పేరుకుంటుంది.

"మీ గార్డు పెద్దకు చెప్పినావా?"

"తిమ్మప్ప సారుకు చెప్పినా. నవ్వినాడు. సర్వీసంతా ఇట్లే టకటకలాడించినా, నాకు పేలనిది నీకు పేలుతుందా, పెండ్లి చేసుకోరా భయం పోతాది అన్నాడు."

"ఆయన మొహం!"

"బోల్టు లాగిన ప్రతిసారీ నా మొహం మీదనే పేలినట్టు అనిపిస్తాందక్కా. ఉద్యోగం మానేస్తా. ఇంగ నా వల్ల కాదు."

వాళ్ళమ్మ బీడీలు చుట్టి వాణ్ణి పోలీసును చేసింది. ఆ ఇంట్లో నెల జీతం అనేది తెచ్చిన మొదటి మనిషి వీడే. మానేస్తా అని అంత సులువుగా అంటే ఎట్ల?

"నీకు ఈ విద్య నేర్పిన గురువు ఎవరూ లేరా నాయనా?"

"ఉన్నాడు. పీరా ఉస్తాద్."

"మరి ఆ మహానుభావుణ్ణి పిలువు. నా ముందర ఏడిస్తే ఏమొస్తాది, నేను పులుసు పోయగలను గానీ."

హుస్సేన్ పీరా జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరరు. గురువంటే నేను ఏందేందో ఊహించుకున్నాను. తీరా చూస్తే బస్సు దిగి, చెమట తుడుచుకుంటా, టిఫిను సంచి ఒక చేతిలో, పనిముట్ల పెట్టె ఒక చేతిలో పట్టుకుని బక్కపలచటి మనిషి వచ్చినాడు. ఒక గ్లాసు మజ్జిగ ఇస్తే కూర్చుని, నిదానంగా తాగి, గ్లాసు తనే కడిగి పెట్టినాడు. ఈయన వీడికి ఏం ధైర్యం చెబుతాడబ్బా అనుకున్నాను.

ఓబులేసు అంతా చెప్పినాడు. ఉస్తాద్ తూటాను ఎండకు పట్టి చూసినాడు. సొట్ట మీద బొటనవేలు పెట్టి తడిమినాడు.

"మంచి కన్ను" అన్నాడు. "ఇది ఇంగ పనికిరాదు." గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు.

"ఉస్తాద్, నాకీ భయం పోవాల. మీరెట్ల పోగొట్టుకున్నారో చెప్పండి."

ఉస్తాద్ పనిముట్ల పెట్టె తెరిచినాడు. రైఫిల్ విప్పి, బోల్టు తీసి, పిన్ను బయటికి లాగినాడు. గుడ్డతో తుడిస్తే నల్లగా, పిడకల బూడిదలో నూనె కలిపినట్టు ముద్ద వచ్చింది. అంతా కడిగి, ఆరబెట్టి, మళ్ళా బిగించి, బోల్టును చెవి దగ్గర పెట్టుకుని ఊపినాడు. లోపల పిన్ను గలగలమని ఆడింది. ఓబులేసు చెవి దగ్గర పెట్టి కూడా ఊపినాడు. గార్డులో ఉన్న తక్కిన తుపాకులూ తిమ్మప్ప దగ్గర్నుంచి అడిగి తీసుకుని అట్లే చేసినాడు.

"ఇంగ పేలదు గదా ఉస్తాద్?"

"పేలదని నేను చెప్పను" అన్నాడు ఆయన. "రోజూ ఎట్ల చేస్తావో చెయ్యి, చూస్తా."

ఓబులేసు పోయి రేకుల షెడ్డు కింద నిలబడినాడు. గార్డోళ్ళంతా అక్కడే నిలబడతారు, నీడ ఉంటుందని. తుపాకి మూతి ఎదురుగా గోడ వైపు పెట్టి, మ్యాగజైన్ తగిలించినాడు.

"ఆగు" అన్నాడు ఉస్తాద్.

గోడను చూసినాడు. దగ్గరికి పోయి వేలి కణుపుతో కొట్టి చూసినాడు. మా పక్క గోడలంటే ఇటుకలు కాదు, నాపరాతి పలకలు నిలబెట్టి సందుల్లో సిమెంటు పూస్తారు. అంతే మందం. ఠంగుమనింది.

అప్పుడు గేటు తీసుకుని మా పక్కకు వచ్చినాడు.

ఈ పక్క నా పిల్లలు గోడకు వీపులు ఆనించి వరసగా కూర్చున్నారు, ప్లేట్లు ముందర పెట్టుకుని. లోపల రేకుల గది పొయ్యి మాదిరి కాలుతుంది, మధ్యాన్నం నీడ పడేది ఆ గోడ పక్కనే. నేనే కూర్చోబెడతాను. అవతల డ్యూటీ మారే టకటక వినపడితే చాలు, పిల్లలు పిలవకుండానే ప్లేట్లు తెచ్చుకుంటారు. గడియారంతో పనేలేదని నేను మురిసిపోయేదాన్ని కూడాను.

"అమ్మా, పిల్లల్ని కాసేపు లోపలికి తీసుకుపో" అన్నాడు ఆయన, చానా మెత్తగా.

తీసుకుపోయినాను. తిరిగొచ్చేసరికి ఆయన పిల్లలు కూర్చున్న చోటనే, గోడకు వీపు ఆనించి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందర ఒక బిడ్డ వదిలిపోయిన ప్లేటు. నేను గేట్లో నిలబడితే ఈ పక్క ఆయనా, ఆ పక్క ఓబులేసూ ఇద్దరూ కనబడతాండారు.

"బేటా" అని పిలిచినాడు. "రోజూ ఎట్ల నిలబడతావో అట్లే నిలబడు. మూతి ఎటు పెడతావో అటే పెట్టు. ఇప్పుడు బోల్టు లాగి వదులు."

ఓబులేసు చెయ్యి బోల్టు పిడి మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"ఉస్తాద్, లేయండి."

"ఎందుకు?"

"మీరు ఆడ కూర్చున్నారు."

"కూర్చుంటే ఏమైంది? ఇప్పుడే గదా కడిగింది. నీ చెవితోనే విన్నావు."

"పేలితే?"

"నిన్న చేసినావు గదా?"

"నిన్న మీరు లేరు ఉస్తాద్, నిన్న ఆడ ఎవురూ..."

వాడు గేటు వైపు తిరిగి నన్ను చూసినాడు.

"నిన్న ఈడ ఎవరు కూర్చున్నారో అమ్మను అడుగు" అన్నాడు ఉస్తాద్.

ఊరంతా పెద్దదని చెప్పుకునే నా నోరు పెగల్లేదు. ఆ టకటకలన్నీ ఒక్కసారిగా నా చెవుల్లో మోగినాయి. ఒక్కొక్క టకటకకూ ఒక్కొక్క బిడ్డ తల ఆ రాతికి ఆనుకుని కనబడింది.

ఓబులేసు మ్యాగజైన్ తీసేసినాడు. తుపాకి కింద పెట్టి, గేటు దాటి వచ్చి, ఉస్తాద్ ముందర కూలబడినాడు.

"ఉస్తాద్, భయం పోగొట్టమంటే ఇంకా పెంచినారే!"

"నిన్నటి భయంతో ఉద్యోగం మానేస్తావు" అన్నాడు ఉస్తాద్. "ఈ భయంతో ఉద్యోగం చెయ్యి."

అంతే అన్నాడు. లేచి ప్యాంటు దులుపుకుని, పార ఉందా అమ్మా అని అడిగినాడు.

ఖజానా ఆవరణకు ఆ చివర, మిల్లుల వాళ్ళు పోసిన మట్టిగట్టు ఉంది. దాని ముందర ఒక పాత డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి, నిండా ఇసుక నింపి, ముందర గోనెసంచి కట్టినారు. చుట్టూ ఇసుక మూటలు పేర్చినారు. గురువు పార పట్టినాడు, శిష్యుడు మోసినాడు. నేను ఊరుకుంటానా, వంటగిన్నె తెచ్చి నేనూ మోసినాను. ఇంగ మీదట డ్యూటీ మారితే తుపాకి మూతి దాంట్లోకి పెట్టి బోల్టు లాగాల. ఒకసారి లోపలికి పోయొచ్చిన తూటా మళ్ళా పైకి ఎక్కకూడదు, పక్కన పెట్టాల.

తిమ్మప్ప షెడ్డు కింద కుర్చీలో కూర్చుని చూసినాడు. "పిల్లకాయల ఇసుక గుళ్ళు" అన్నాడు. ఉస్తాద్ ఆయనకూ ఒక నమస్కారం పెట్టి, సాయంత్రం బస్సుకు పోయినాడు.

ఓబులేసు మాత్రం ఆ దినంనుంచి తప్పలేదు. మిగతావాళ్ళూ మొదట నవ్వినారు, తర్వాత అలవాటుపడినారు. నేను పిల్లల్ని కొన్నాళ్ళు గదిలోనే ఉంచినాను. ఎండలు ముదిరి, ఒంటినిండా చెమటకాయలు లేచి, ఒక బిడ్డ సొమ్మసిల్లి పడిపోయింది. డ్రమ్ము ఉంది గదా అని మళ్ళా గోడనీడకే తెచ్చుకున్నాను.

అప్పుడే ఎవరో పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడని చెప్పినారు. తనిఖీ అంటే వీళ్ళకు తుపాకి నిగనిగలాడాల. తిమ్మప్ప తన రైఫిల్‌కు నూనె పట్టించినాడు చూడు, పెండ్లికొడుకు తలకు కూడా అట్ల పట్టించరు. బోల్టు లోపలా బయటా కారేట్టు పోసినాడు. ఓబులేసు వద్దని చెప్పబోతే, నువ్వు పుట్టకముందునుంచీ తుడుస్తాండా పోరా అన్నాడు. తనిఖీ అయిపోయింది, మెచ్చుకుని పోయినారు. నూనె మాత్రం లోపలే ఉండిపోయింది, మిల్లు దుమ్ము రోజూ దాని మీద పడతానే ఉంది.

ఆ మధ్యాన్నం ఓబులేసు దిగి తిమ్మప్ప ఎక్కాల. ఎండ మండిపోతాంది. నేను అన్నం గిన్నె దించి పిల్లలకు వడ్డిస్తాండాను. అవతలి మాటలు వినబడతాండాయి.

"సార్, డ్రమ్ము కాడికి పోదాం సార్."

"ఈ ఎండలోనా? నీ డ్రమ్ము నెత్తిన పెట్టుకో పో. ఇట్ల లాగి అట్ల చూపిస్తా, సంతకం పెట్టి పో."

"సార్, గోడ వైపు వద్దు సార్."

"ఏం, నాకే నేర్పుతావా?"

మ్యాగజైన్ తగిలించిన చప్పుడు వినబడింది. నా చేతిలో గరిటె జారిపోయింది. పిల్లలు వరసగా కూర్చున్నారు, ఎవర్ని లాగను, ఎవర్ని వదలను?

గేటు ధడేలుమనింది. ఓబులేసు పరిగెత్తుకుంటా వచ్చినాడు. పెద్దాయన చేతిలోంచి తుపాకి గుంజుకుంటే అదే పేలొచ్చు, వాడికి తెలుసు. పిల్లలకూ గోడకూ నడుమ దూరి, చేతికందిన వాళ్ళను ముందుకు నెట్టి, ఆ రాతికి వీపు ఆనించి చేతులు చాపుకుని కూర్చున్నాడు.

"సార్! నేను ఈ పక్క ఉండా సార్!" అని అరిచినాడు.

పెదాలు నల్లబడినాయి. కండ్లు గట్టిగా మూసుకున్నాడు. ఓరి నాయనా, వాళ్ళమ్మ చూస్తే గుండె ఆగిపోతుంది అనుకున్నాను.

అవతలనుంచి తిట్లు. ఆ తిట్లు పిల్లల ముందర చెప్పేవి కావు. తిట్టుకుంటానే బూట్ల చప్పుడు కంకర మీద దూరంగా, మట్టిగట్టు వైపు పోయింది.

తర్వాత పేలింది.

అది రోజూ వినే టకటక కాదు. గిన్నెలు అదిరినాయి, మిద్దె మీది పావురాళ్ళన్నీ ఒక్కసారి లేచినాయి. పిల్లలు ఏడవడం కూడా మర్చిపోయి నా చీర పట్టుకున్నారు. ఒక్కొక్కరి తలా, వీపూ, కడుపూ తడిమి చూసుకున్నాను. అందరూ ఉన్నారు. అందరూ బాగున్నారు.

గేట్లోకి పోయి చూస్తే డ్రమ్ము ముందర గోనెసంచి చినిగి ఇసుక ధారగా కారతాంది. తిమ్మప్ప ఆ ఎండలో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. తుపాకిని ఒంటికి దూరంగా, పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు" అన్నాడు. "సుంకమ్మా, బోల్టు వదిలినా అంతే. నా బిడ్డల తోడు, వేలు బయటే ఉండె." ఆయన గోడ వైపు చూసినాడు. ఆ గోడ వెనక ఏముందో అంతా ఒక్కసారే కనబడినట్టుంది. అక్కడే కూర్చుండిపోయినాడు.

తుపాకి ఓబులేసే పోయి తీసుకున్నాడు. మ్యాగజైన్ తీసి, మూతి ఇసుక వైపే పెట్టి ఖాళీ చేసి, బోల్టు విప్పి చూసినాడు. పిన్ను కొస ముందుకు పొడుచుకుని వచ్చి, తుప్పుపట్టిన మేకు మాదిరి బిగుసుకుని ఉంది. వేలితో నొక్కితే కూడా వెనక్కి పోలేదు.

వాడి చేతులు నూనె జిడ్డయితే నేనే వాడి ఫోన్లో ఉస్తాద్ నంబరు కలిపి, గట్టిగా వినబడేట్టు పెట్టి ఇచ్చినాను.

"ఉస్తాద్, పేలింది."

ఎవరి తుపాకి అని అడగలేదు ఆయన. ఎట్ల పేలింది అనీ అడగలేదు.

"ఎక్కడ?" అన్నాడు.

"ఇసుకలో ఉస్తాద్."

అవతలనుంచి ఊపిరి వినబడతాంది, తెగి తెగి, మెట్లెక్కి వచ్చిన మనిషి మాదిరి.

"ఉస్తాద్..." అన్నాడు ఓబులేసు. "మీకు కూడా భయమేస్తాందా?"

"ఎప్పుడు లేదు బేటా?" అన్నాడు ఉస్తాద్.